దుకాణాల మధ్య వదిలిన చోటు

(ఆర్కిటెక్చర్ విద్యార్థులు, పట్టణ ప్రణాళిక రంగంలో పనిచేసేవారి సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు వరసల్లో పిల్లలున్నారు, వెనకాల బిల్డర్లూ, మునిసిపాలిటీల్లో ప్లాన్లు పాస్ చేసే ఇంజనీర్లూ ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చే విషయమే తెచ్చుకున్నాను. పాతబడిన పెద్ద షాపింగ్ మాల్ ఒకటి మనుషుల్ని ఎందుకు పట్టి ఉంచుతుంది? కొత్తగా కట్టిన, ఇంకా మెరుస్తున్న మాల్ పక్కనే ఉన్నా, కొంతమంది పాతదానికే ఎందుకు పోతారు? పాతదంటే మమకారం అనేస్తే సగం జవాబే అవుతుంది. మిగతా సగం కట్టడంలో ఉంది. దాన్ని కొలవచ్చు, గీయవచ్చు, మళ్ళీ కట్టవచ్చు కూడా.

నేను మాట్లాడేది ముఖ్యంగా ఒక్క మాల్ గురించి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, మినియాపొలిస్ నగరాన్ని ఆనుకుని ఈడైనా అనే ఊరు. అక్కడ సౌత్‌డేల్ సెంటర్. 1956 అక్టోబర్ 8న తెరిచారు. ఇవాళ మనం మాల్ అంటే ఏది కళ్ళముందు మెదులుతుందో, అంటే అంతా ఒకే కప్పు కింద, లోపల ఏసీ, రెండు అంతస్తులు, ఎస్కలేటర్లు, మధ్యలో పెద్ద ఏట్రియం (అన్ని అంతస్తులూ కనబడేలా పైదాకా తెరిచిన హాలు), ఆ నమూనాకి మొదటి కట్టడం అదే. అంతకుముందు అమెరికాలో షాపింగ్ సెంటర్లు లేవని కాదు. ఉన్నవి చాలావరకు ఆరుబయట ఉండేవి.

దాన్ని గీసినవాడు విక్టర్ గ్రూయెన్. వియన్నాలో 1903లో పుట్టిన యూదుడు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాక దేశం వదిలి న్యూయార్క్ చేరాడు. వియన్నాలో ఉన్నప్పుడు ఆర్కిటెక్చర్‌తో పాటు వ్యంగ్య నాటకాలూ ఆడేవాడు. ఈ నాటకాల సంగతి ఊరికే చెప్పడం లేదు. జనాన్ని ఎక్కడ నిలబెట్టాలి, వాళ్ళ చూపు ఎటు తిప్పాలి అన్నది అతనికి స్టేజి నేర్పిన విద్య. సౌత్‌డేల్ మధ్య చౌకులో, అంటే ఆ ఏట్రియంలో, నిలబడితే అది తెలిసిపోతుంది.

మినియాపొలిస్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆ చౌకులో చాలా సాయంత్రాలు గడిపాను. అక్కడి చలి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. జనవరిలో మైనస్ 25 డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి. కారు దిగి తలుపు దాకా నడిచేలోపు ముక్కులోపలి తడి గడ్డకడుతుంది. వేసవిలో ఉక్క, దోమలు. హాయిగా బయట తిరిగి కొనుక్కోదగ్గ రోజులు ఆ ఊళ్ళో ఏడాదికి 126 మాత్రమేనని అప్పట్లో లెక్క కట్టారు. ఆ భూమి కొన్న, పెద్ద దుకాణాలు నడిపే డేటన్ కంపెనీకీ, గ్రూయెన్‌కీ కప్పు వెయ్యాలన్న ఆలోచన వచ్చింది అక్కణ్ణుంచే. లోపల ఏడాది పొడుగునా 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచారు. ఆ చౌకుకి నిత్య వసంతపు తోట అని ప్రచారం చేశారు.

ఇప్పుడు ఆ చౌకు సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే నా మాటలన్నీ దాని చుట్టే తిరుగుతాయి. ఒక వీధి పొడుగంత హాలు. పైన ఎత్తులో కిటికీలు, వాటిలోంచి పగటి వెలుతురు కిందికి దిగుతుంది. తెరిచిన కొత్తలో అందులో చెట్లు, చేపల కొలను, ఇరవై అడుగులకు పైగా ఎత్తున్న పక్షుల పంజరం, దాన్నిండా రంగురంగుల పిట్టలు, ఒక కాఫీ హోటలు. హ్యారీ బెర్టోయా అనే శిల్పి చేసిన రెండు లోహపు వృక్షాలు, బంగారు రంగులో, రెండు అంతస్తుల ఎత్తుని నింపుతూ. కాఫీ తప్ప వీటిలో ఏ ఒక్కటీ అమ్మకానికి లేదు. నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. పెద్ద పాత మాల్‌లో మనల్ని ఆపేది దుకాణాల మధ్య వదిలిన చోటు. దుకాణాలు వస్తాయి, మూతపడతాయి, పేర్లు మారతాయి. సౌత్‌డేల్‌లో మొదటి పెద్ద దుకాణం డేటన్స్ ముందు మార్షల్ ఫీల్డ్స్ అయింది, తర్వాత మేసీస్ అయింది. వచ్చే జనానికి పెద్ద తేడా పడలేదు. చౌకు పోతే మాత్రం పడుతుంది.

ప్లాన్ ఎలా పనిచేస్తుందో చూడండి. అంతకుముందు షాపింగ్ సెంటర్లు చాలావరకు ఒకే అంతస్తులో పొడుగ్గా సాగిపోయేవి. ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలంటే కాళ్ళు పీకేవి, మధ్యలో వెనక్కి తిరిగిపోయేవాళ్ళు. గ్రూయెన్ ఆ పొడుగుని రెండుగా మడిచి ఒకదాని మీద ఒకటి పెట్టాడు. పార్కింగ్‌నీ రెండు మట్టాల్లో పెట్టాడు. అందువల్ల ఎటు నుంచి వచ్చినా ఏదో ఒక అంతస్తులోకి నేరుగా అడుగుపెడతాం. పై అంతస్తు, కింది అంతస్తు అన్న చిన్నా పెద్దా తేడా లేదు, రెంటికీ ఒకే అద్దె విలువ. పైన ఒక చుట్టు తిరిగి, ఎస్కలేటర్ దిగి, కింద ఒక చుట్టు తిరిగితే బయల్దేరిన చోటికే వస్తాం. పిట్టగోడ దగ్గర నిలబడితే అవతలి వైపు రెండు అంతస్తుల దుకాణాల బోర్డులూ ఒకేసారి కనబడతాయి. దారి తప్పడం ఉండదు. సరుకు లారీలు భూమి లోపలి దారిలో వచ్చి దించేసి పోతాయి, కొనేవాళ్ళ కంటబడవు.

ఇంకో విశేషం కూడా ఉంది. డేటన్స్ వాళ్ళు తమ స్థలంలోకి డొనాల్డ్‌సన్స్ అనే పోటీ కంపెనీని రానిచ్చారు. ఎదురెదురుగా రెండు పెద్ద దుకాణాలు, మధ్యలో చిన్న దుకాణాలు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోవాలంటే చౌకు దాటాలి. మన బిల్డర్లు ఇవాళ యాంకర్ అంటున్నారే, ఆ లెక్క ఇదే. యాంకర్ అద్దె తక్కువ కడతాడు, జనాన్ని లాగుతాడు. చిన్నవాడు చదరపు అడుగుకి ఎక్కువ కడతాడు, ఆ జనం మీద బతుకుతాడు.

1956 నవంబర్‌లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ వచ్చి చూశాడు. అప్పటికి అమెరికాలో అంతకంటే పేరున్న ఆర్కిటెక్ట్ లేడు. ఊరి వీధిలో ఉండే చెడంతా ఆ చౌకులో ఉంది, వీధికుండే అందం ఒక్కటీ లేదు అని మొహం మీదే అనేశాడు. రైట్ మీద నాకెంత గౌరవం ఉన్నా ఆ మాటతో ఏకీభవించను. బయటి నుంచి చూస్తే ఆయనన్నది నిజమే, నాలుగు వైపులా కిటికీ లేని గోడలు, చుట్టూ కార్ల మైదానం. కానీ ఆయన వచ్చింది తెరిచిన నెల తిరిగాక. అలాంటి చోటు పండటానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఆ పండటం గురించే ఇప్పుడు. అమెరికాలో చాలా మాల్స్ దుకాణాలు తెరవకముందే పొద్దున్నే బయటి తలుపులు తీస్తాయి. నడిచేవాళ్ళ కోసం. డెబ్భై దాటినవాళ్ళు, గుండె ఆపరేషన్ అయినవాళ్ళు, మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళు వస్తారు. కోటు విప్పి చేతి మీద వేసుకుని, రబ్బరు బూట్లతో గోడవారగా నడుస్తారు. మంచు లేదు, జారిపడే భయం లేదు, నేల చదును, అడుగడుక్కీ బెంచీ, దగ్గర్లోనే టాయిలెట్. ఆ దేశపు ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2015లో మాల్ వాకింగ్ ఎలా నడిపించాలో ఒక మార్గదర్శిని కూడా ప్రచురించింది. వ్యాపారం కోసం కట్టిన నడవా వైద్యానికి పనికొచ్చింది. ఎందుకంటే ఆ నడవా వెడల్పుగా, పొడుగ్గా, ఉదారంగా కట్టారు.

వాళ్ళలో మనవాళ్ళూ ఉంటారు. ఇక్కడ చాలామందికి తెలిసిన సంగతే. పిల్లలు అమెరికాలో ఉంటే అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఆరునెలలు వెళ్తారు. పగలు పిల్లలు ఆఫీసుకి పోతారు, మనవలు బడికి పోతారు. ఇల్లు దాటితే మంచు, వీధిలో మనిషి కనబడడు. కొడుకో కోడలో ఆఫీసుకి పోతూ మాల్ దగ్గర దింపేసి, మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తుంటారు. సౌత్‌డేల్‌లో ఒకసారి బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. మంకీ క్యాప్ తీసి మోకాలికి తొడిగారు, పక్కనే స్టీలు ఫ్లాస్కు. నా మొహం చూసి, "బాబూ, తెలుగేనా?" అన్నారు. అవునండీ అన్నాను. "కూర్చో నాయనా, తెలుగులో నాలుగు మాటలాడి ఎన్నాళ్ళయిందో. మా ఆవిడ అదిగో, ఆ పంజాబీ అక్కయ్యతో ఇంకో చుట్టు వేస్తోంది. ఇద్దరికీ భాష కలవదు, నడక మాత్రం కలిసింది" అన్నారు. రేపల్లె దగ్గర పల్లె ఆయనది. ఇక్కడికొస్తే ఏమిటి బాగుంటుందండీ అని అడిగాను. "ఎవరూ ఏం కావాలని అడగరయ్యా. కూర్చోవచ్చు. నలుగురూ కనబడతారు" అన్నారు.

పిల్లలూ, ఈ మూడు మాటలు రాసుకోండి. ఎవరూ అడగరు, కూర్చోవచ్చు, నలుగురూ కనబడతారు. మీ డిజైన్ జ్యూరీలో ఎన్ని పెద్ద పదాలు వాడినా పబ్లిక్ స్పేస్ అంటే దీనికి మించి చెప్పలేరు.

సౌత్‌డేల్‌కి దాదాపు తొంభై ఏళ్ళ ముందు ఇటలీలోని మిలాన్‌లో ఇదే పని ఇంకా బాగా చేశారు. గలేరియా విట్టోరియో ఎమాన్యుయేలే. జుసెప్పె మెంగోని గీశాడు. 1865లో పునాది, 1867లో ప్రారంభం, ముఖద్వారపు కమాను 1877కి పూర్తి. ఆ ఏడాది చివర్లోనే మెంగోని ఆ కట్టడం మీంచి పడి చనిపోయాడు. ఇనుము, గాజు పైకప్పు, మధ్య గోపురం 47 మీటర్ల ఎత్తు. గ్రూయెన్ తన మాల్స్ గురించి మాట్లాడేటప్పుడు ఈ గలేరియానే చూపించేవాడు. అక్కడ నేల మీద మొజాయిక్‌లో ఒక ఎద్దు బొమ్మ ఉంది. దాని మీద మడమ ఆనించి గిర్రున తిరిగితే అదృష్టమని నమ్మకం. జనం తిరిగీ తిరిగీ అక్కడ రాళ్ళు అరిగి గుంటపడుతుంది, మళ్ళీ పూడుస్తారు, మళ్ళీ అరుగుతుంది. ఒక వ్యాపార భవనపు నేలని జనం అంత సొంతం చేసుకున్నారు. గలేరియాకి ఉన్న పెద్ద బలం ఏమిటంటే అది దారి. ఒక కొసన పెద్ద చర్చి ముందున్న కూడలి, ఇంకో కొసన లా స్కాలా నాటకశాల ముందున్న కూడలి. మిలాన్ మనిషి ఏమీ కొనక్కర్లేకుండానే రోజూ దాంట్లోంచి నడిచి ఇంటికి పోతాడు. సౌత్‌డేల్‌కి ఈ భాగ్యం లేదు. అది కార్ల మధ్య దీవి. పనిగట్టుకుని వెళ్ళాలి.

అయితే గ్రూయెన్ అలా ఒంటరిగా వదిలేద్దామనుకోలేదు. డేటన్ వాళ్ళు కొన్నది 463 ఎకరాలు. అతని ప్లాన్‌లో మాల్ చుట్టూ ఇళ్ళు, అపార్ట్‌మెంట్లు, బడులు, ఆసుపత్రి, పార్కు, చెరువు ఉన్నాయి. ఊరు లేని శివారుకి ఒక నడిబొడ్డు ఇవ్వాలన్నది అతని తాపత్రయం. మొదట మాల్ మాత్రం కట్టారు. పక్క భూముల ధర పెరిగింది, ముక్కలుగా అమ్ముకున్నారు. 1954లో అమెరికా పన్ను చట్టం మారి, కొత్త వాణిజ్య భవనం కడితే మొదటి ఏళ్ళలోనే ఎక్కువ తరుగుదల చూపించుకునే వీలొచ్చింది. దాంతో దేశమంతా మాల్స్ మొలిచాయి. వాటిలో చాలావాటిలో నకలు చేసింది పెట్టె లాంటి గోడల్నీ, పార్కింగ్‌నీ. చౌకుని కుదించారు, పక్షుల్నీ చెట్లనీ మానేశారు. గ్రూయెన్ 1968లో వియన్నా తిరిగి వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకి అతని సొంత ఊరి శివార్లోనే పెద్ద మాల్ లేచింది. 1978లో లండన్‌లో మాట్లాడుతూ, ఆ మాల్స్ నా పిల్లలు కావు, వాటికి భరణం నేనివ్వను అన్నంత కోపంగా అన్నాడు. రెండేళ్ళకి చనిపోయాడు. ఈ మనిషి జీవితం చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. గీసినదాంట్లో అద్దె వచ్చే సగం మాత్రమే లోకమంతా తీసుకుంది.

మన దగ్గరికి వద్దాం. మదరాసు మౌంట్ రోడ్డులో స్పెన్సర్ ప్లాజా. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు. స్పెన్సర్ కంపెనీ 1860ల నాటిది. వాళ్ళ పాత ఎర్ర భవనం 1983లో కాలిపోయింది. ఆ స్థలంలో 1990ల మొదట్లో ఇప్పటి మాల్ వచ్చింది, తర్వాత రెండు దశల్లో పెరిగింది. ఒకప్పుడు ల్యాండ్‌మార్క్ పుస్తకాల షాపు కోసం ఇటునుంచి రైలెక్కి వెళ్ళిన కుర్రాళ్ళు ఈ హాల్లోనే నడివయసులో కూర్చుని ఉంటారు. కొత్త మాల్స్ వచ్చాక పెద్ద బ్రాండ్లు వెళ్ళిపోయాయి. కానీ అక్కడ చాలా దుకాణాలు విడివిడిగా అమ్మేసినవి. ఒకే యజమాని లేడు కాబట్టి ఖాళీ చేయించి కొత్త వేషం వేసేవాడూ లేడు. దానివల్ల నిర్వహణ చెడింది, అది నష్టమే. దానివల్లే కాశ్మీరీ శాలువాల వాళ్ళు, రాళ్ళ నగల వాళ్ళు, గంటల్లో సూటు కుట్టే టైలర్లు, ఫోన్లు బాగుచేసే కుర్రాళ్ళు మిగిలారు. అద్దె తగ్గినప్పుడు మాత్రమే బతకగల వ్యాపారాలివి. షాపులో కూర్చున్నది సొంతదారే. బేరం ఆడవచ్చు. పోయినసారి ఏం కొన్నావో గుర్తుపెట్టుకుంటాడు. పాత మాల్ ఇచ్చే రెండో సుఖం ఇది. మొదటిది కట్టినవాడు ఇచ్చాడు, రెండోది కాలం ఇచ్చింది. మొదటిది లేని చోట రెండోది నిలబడదు. ఏట్రియం లేని, వెలుతురు రాని పాత కాంప్లెక్సులు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. అద్దెలు తగ్గినా అక్కడ ఎవరూ ఒక్క నిమిషం ఎక్కువ ఉండరు.

హైదరాబాదు మొజంజాహీ మార్కెట్ మాల్ కాదు గానీ ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. 1935 నాటి రాతి కట్టడం, గడియారం గోపురం, దుకాణాల మధ్య ఆకాశం కనబడే ఖాళీ. 2020లో బాగుచేసి తెరిచాక సాయంత్రం వెళ్ళి చూడండి. ఒక్క ఐస్‌క్రీం కొనుక్కుని కుటుంబాలు గంటలకొద్దీ కూర్చుంటాయి.

వెనక వరసలో ఉన్న బిల్డర్లతో ఇప్పుడు సూటిగా మాట్లాడతాను. మీ ఇబ్బంది నాకు తెలుసు. కామన్ ఏరియా మొత్తాన్ని లోడింగ్ కింద అద్దెదారు నెత్తిన వేస్తాం. నడవాలు కూడా కలిపిన సూపర్ బిల్టప్ చూసి, తన దుకాణం లోపలి కార్పెట్ ఏరియా ఎంతని అతను గొడవ పెడతాడు. కాబట్టి నడవా ఎంత సన్నం చేస్తే అంత మంచిదనిపిస్తుంది. మిగిలిన ఏట్రియంలో కియోస్కులు పెడతాం, శని ఆదివారాలు కొత్త కారు నిలబెట్టి ప్రమోషన్‌కి అద్దెకిస్తాం. బెంచీలు తీసేస్తాం, కూర్చోవాలంటే కాఫీ కొనాలి. పై అంతస్తుకి పోవాలంటే ఎస్కలేటర్ దిగి సగం చుట్టు తిరిగి ఇంకో ఎస్కలేటర్ ఎక్కాలి, దారిలో దుకాణాలు కనబడాలని. పిల్లాణ్ణెత్తుకున్న తల్లికీ, మోకాళ్ళ నొప్పుల మామ్మకీ ఆ సగం చుట్టు ఎంత టెన్షనో మీ ఇంట్లోవాళ్ళనే అడగండి. ఇలా కడితే మొదటి మూడేళ్ళు ఫుట్‌ఫాల్, అంటే వచ్చే జనం సంఖ్య, బాగానే ఉంటుంది. బ్రాండ్లు పక్క వీధిలో కొత్త మాల్‌కి పోయాక ఆ భవనానికి మిగిలేది ఏమిటి? మడుచుకుపోయిన నడవాలు. చౌకు ఉన్న భవనానికి రెండో బతుకు ఉంటుంది.

సౌత్‌డేల్‌కి వచ్చిన రెండో బతుకు చెప్పి ముగిస్తాను. అక్కడ జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణం మూతపడ్డాక ఆ స్థలంలో 2019లో భారీ వ్యాయామశాల వచ్చింది. మాల్ పక్కన ఆసుపత్రి 1965 నుంచే ఉంది. ఈమధ్య పదిపన్నెండేళ్ళలో ఆ కార్ల మైదానం అంచుల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. అక్కడివాళ్ళు ఇప్పుడు మాల్‌కి నడిచి వస్తున్నారు. అంటే గ్రూయెన్ 1950ల్లో గీసి ఇచ్చినవాటిలో వైద్యం ముందే వచ్చింది, ఇళ్ళూ, నడకా అతను పోయిన మూడు నాలుగు దశాబ్దాలకి అతని చౌకు చుట్టూ ఒక్కొక్కటిగా చేరుతున్నాయి. బెర్టోయా వృక్షాలు అక్కడే ఉన్నాయి. వాటి చుట్టూ దుకాణాలు ఎన్నిసార్లు మారాయో అక్కడివాళ్ళకే లెక్క లేదు.

నేను అడిగేది ఒకటే. మీరిక ముందు ఏ వాణిజ్య భవనం ప్లాన్ గీసినా, ఏ ప్లాన్ పాస్ చేసినా, అద్దెకివ్వని చోటు ఎంతో ఒక గడిలో విడిగా రాయండి. అందులో పగటి వెలుతురు పడేది ఎంత, డబ్బు కట్టకుండా కూర్చోగలిగే సీట్లు ఎన్ని అని కింద ఇంకో రెండు గడులు పెట్టండి. మన ఫారాల్లో ఇప్పుడు పార్కింగ్‌కి గడి ఉంది, ఫైర్ ఎగ్జిట్‌కి గడి ఉంది. వీటికి లేదు. వచ్చే నెల నిబంధనల మీద జరిగే చర్చలో దీన్ని రాతపూర్వకంగా ఇవ్వబోతున్నాను. సంతకం చెయ్యదలుచుకున్నవాళ్ళకి కాయితం ఆ బల్ల మీద ఉంది.

మూడో వరసలో అమ్మాయి చెయ్యెత్తి చాలాసేపయింది. అడుగమ్మా.